వంకర కుందా

తుపాకుల గురించి నాకు ఏమీ తెలియదు. ఇది వినయం కొద్దీ అంటున్న మాట కాదు. ఏమీ తెలియకుండానే దాదాపు ఏడాది పాటు సర్కారు తరఫున తుపాకులకు వెల కట్టాను. ఇప్పుడు కొత్తగా కొలువులో చేరే పిల్లలు "మాకు అనుభవం లేదు సార్, ఈ పని ఎట్లా చేయాలో ఏమో" అని బెదిరిపోతుంటే నాకు ముచ్చటేస్తుంది. బెదురు లేనివాడు ఎంత నష్టం చేయగలడో నాకు బాగా తెలుసు. చేసినవాణ్ని కాబట్టి.

పోలీసు చర్య అయిపోయి కొన్ని నెలలే అయింది. నేను మిర్యాలగూడలో ఒక సర్కారు కచేరీలో గుమాస్తాను. వయసు ఇరవై రెండు. ఉర్దూలో మెట్రిక్ గట్టెక్కాను, ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలను, చేతిరాత ముత్యాల్లాగా ఉండేది. ఇంతకు మించి నా దగ్గర ఏమీ లేదన్న సంగతి నాకు తప్ప కచేరీలో అందరికీ తెలుసు.

ఊళ్లలో ఎవరి దగ్గర తుపాకి ఉన్నా తెచ్చి అప్పజెప్పాలని అప్పుడే హుకుం వచ్చింది. కోదాడ వైపు నుంచి, నిడమనూరు వైపు నుంచి బండ్ల మీద వచ్చి పడ్డాయి. కమ్మరి చేసిన నాటు తుపాకులు, గొట్టం ఒకచోట, వేలితో లాగే గొళ్లెం ఒకచోట ఊడిపోయినవి, చెదలు తిన్నవి. కచేరీ వెనుక గదిలో కట్టెల మోపుల్లాగా పేర్చాము. ఒక్కో తుపాకికి రిజిస్టరులో ఒక వరుస నింపాలి. ఎవరిది, ఎట్లాంటిది, ఎంత చేస్తుంది.

మా పై అధికారి ఆంధ్ర వైపు నుంచి కొత్తగా వచ్చాడు. మమ్మల్నందరినీ నిలబెట్టి, "మీలో తుపాకుల గురించి తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారటయ్యా?" అని అడిగాడు. అందరూ తలలు వంచుకున్నారు. కచేరీ సామానుకంతా బాధ్యుడైన మా నాజరు, రేపో మాపో పింఛను తీసుకోవలసిన పెద్దమనిషి, తల వంచుకోవడంతో ఆగలేదు. కాలికి ఉన్న చెప్పును బల్ల కింద వెతకడం మొదలుపెట్టాడు.

నేను లేచి నిలబడ్డాను.

నా అర్హత ఏమిటంటే, హైదరాబాదులో చదువుకునే రోజుల్లో పాత సామాన్ల అంగట్లో ఒక ఇంగ్లీషు తుపాకుల కేటలాగు కొన్నాను. బొమ్మలు బాగున్నాయని కొన్నాను. రాత్రిపూట పడుకునే ముందు తిరగేసేవాణ్ని. అధికారి ముందు దానిలోని నాలుగు ఇంగ్లీషు ముక్కలు గడగడా అప్పజెప్పాను. ఆయన ముఖం వెలిగింది.

బయటికి వచ్చాక నాజరు నా భుజం మీద చెయ్యి వేశాడు. "తమ్మీ, నువ్వెప్పుడన్న తుపాకి పేల్చినవా?"

"పేల్చడం వేరు, విలువ కట్టడం వేరు నాజర్ సాబ్."

"నిజమే. తినుడు వేరు, రుచి చెప్పుడు వేరు" అన్నాడాయన. అది మెచ్చుకోలు అనుకున్నాను.

పని మొదలుపెట్టాక నాకొక పద్ధతి కుదిరింది. తుపాకిని వెలుతురుకేసి ఎత్తి, ఒక కన్ను మూసి, గొట్టంలోంచి చూసి, "ఊఁ" అనేవాణ్ని. ఇచ్చినవాడు నా నోటివైపే చూసేవాడు. ఊఁ పొడుగైతే విలువ ఎక్కువ, పొట్టిదైతే తక్కువ. గొట్టంలో నాకు కనిపించింది అవతలి గోడ మాత్రమే.

ఆ రోజుల్లోనే ఒకామె వచ్చింది. యాభై ఏళ్లు ఉంటాయి. మొహం నిండా స్ఫోటకపు మచ్చలు. కోదాడ అవతల, కొండల అంచున ఉన్న చిన్న ఊరు ఆమెది. గొంగడిలో చుట్టిన తుపాకిని పసిబిడ్డను దించినట్టు బల్ల మీద దించింది. నాతో మాట్లాడుతున్నంతసేపూ మెడ ఒక పక్కకు తిప్పి, ఓరగా చూసింది. సర్కారు గుమాస్తా అంటే లెక్కలేనట్టుందే అని నేను లోలోపల చిరాకు పడ్డాను.

"జర పైలంగా పెట్టు నాయనా. తడి తగలనీకు" అంది.

"ఎవరిదమ్మా ఇది?"

"మా ఆయన పేరు మీద ఉంది. జంగ్లాతుల జవానుగా చేసేవాడు. పోయి మూడేళ్లయింది."

అడవి శాఖలో జవాను. పెన్షనుకు పోతున్న ఒక తెల్లదొర అతనికి ఆ తుపాకి బహుమానంగా ఇచ్చి పోయాడట. ఆమె ఇంకేదో చెప్పబోయింది. నేను భర్త పేరు రాసుకుని, రసీదు చింపి ఇచ్చి, "సరే, పోయి రా అమ్మా" అన్నాను. ఆమె వెనుక ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు, నా ఊఁ కోసం.

సాయంత్రం గొంగడి విప్పి చూసి దీపం దగ్గరికి జరుపుకున్నాను. ఒక్కో తూటా నింపి పేల్చే పాతకాలపు వేట రైఫిలు. గొట్టం మీద లండన్ పేరు, పక్కన ఉక్కు మీద గడ్డి మేస్తున్న జింక చెక్కి ఉంది. జింక చెవిలో వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు. నా కేటలాగులోంచి ఒక బొమ్మ లేచి వచ్చినట్టే ఉంది.

కానీ కుందాను చూసి నీరుగారిపోయాను. కుందా అంటే భుజానికి ఆనించుకునే వెనుక కట్టె. అది ఉండవలసినదానికన్నా రెండు వేళ్లు పొట్టిగా ఉంది. పైగా తిన్నగా లేదు. గొట్టం ఒక దారిన పోతే, కుందా పాములాగా మెలిక తిరిగి కుడివైపుకు పోయింది. చెంప ఆనేచోట ఎత్తుగా ఒక బుడిపె, దాని మీద తోలు అతికించి ఉంది. కేటలాగులో ఏ బొమ్మకూ ఇట్లాంటి వంకర లేదు. నేను ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను: "అసలు మంచి సరుకు. తడికి కుందా వంగిపోయినది. తెలివితక్కువ మరమ్మతు వల్ల పూర్తిగా చెడినది."

అంతటితో ఊరుకుంటే ఈ కథే లేదు. లండన్ రైఫిలు ఒక జవాను ఇంట్లో పడి పాడైపోయిందే అన్న బాధ నన్ను నిద్రపోనివ్వలేదు. మర్నాడు అధికారి దగ్గరికి పోయి, కొత్త కుందా వేయిస్తే దాని విలువ అయిదింతలు అవుతుందని చెప్పాను. ఆయన ఏదో కాగితం చూసుకుంటూ "చేయించు" అన్నాడు. మిర్యాలగూడలో బండిచక్రాలు చేసే వడ్రంగిని పిలిపించాను. కేటలాగు బొమ్మ చూపించి, అచ్చం ఇట్లాగే కావాలన్నాను. నాలుగు రోజుల్లో టేకుతో గీత గీసినట్టు తిన్నటి కుందా చేసి తెచ్చాడు. పాత వంకర ముక్క ఏం చేయమంటారని అడిగితే, "నీకిష్టమొచ్చింది చేసుకో" అన్నాను. ఆ సాయంత్రం కొత్త కుందాకు నా చేత్తోనే నూనె రాశాను. వచ్చిన ప్రతివాడికీ చూపించాను. నాజరు చూసి, "తలుపుకు బాగుంటది" అన్నాడు.

నాలుగు నెలలు గడిచాయి. అడవి పందులు పంటలు తొక్కేస్తున్నాయని అర్జీల మీద అర్జీలు వచ్చాయి. విచారణ చేసి, చేలకు కాపలాగా ఉండేవాళ్ల తుపాకులు వాళ్లకు తిరిగి ఇమ్మన్నారు. ఆ రోజు కచేరీ ముందు పందిరి వేశారు. అధికారి కుర్చీలో కూర్చున్నాడు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, తుపాకి ఇచ్చి, రిజిస్టరులో వేలిముద్ర వేయించడం నా పని. లండన్ రైఫిలును కావాలనే చివరికి ఉంచుకున్నాను. పెళ్లి విందులో లడ్డూ చివర్న వడ్డించినట్టు.

ఆమె వచ్చింది. చనిపోయిన భర్త లైసెన్సును ఆమె పేరు మీదికి మార్చారు. ఆడమనిషికి తుపాకి దేనికని అధికారి అడిగితే, చేను నాది, పందులు కూడా నా చేలోకే వస్తున్నాయని రాయించిందట.

నేను గొంతు సవరించుకుని పందిట్లో అందరికీ వినపడేలా చెప్పాను. "అమ్మా, నువ్వు తెచ్చినప్పుడు ఇది కట్టెలపొయ్యికి తప్ప పనికిరాని స్థితిలో ఉంది. సర్కారు దీన్ని బాగు చేయించింది. ఇప్పుడు దీని విలువ అయిదింతలు."

ఆమె అందుకుంది. చేతుల్లో బరువు చూసుకుంది. భుజానికి ఎత్తి, చెంప ఆనించింది. మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. దించింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ దించి, నా బల్ల మీద పెట్టింది.

"ఇది నాది కాదు నాయనా."

అధికారి కుర్చీలోంచి ముందుకు వంగాడు. "ఏమిటిది? సరుకు మార్చావా?"

లండన్ రైఫిలు దాచేసి మరోటి ఇచ్చానని ఆయన అనుకున్నాడు. ఆ రోజుల్లో సర్కారు అట్టిపెట్టిన తుపాకి మాయం చేశాడన్న మాట పడితే కొలువు పోవడంతో ఆగదు. రసీదులో నంబరు, గొట్టం మీద నంబరు పక్కపక్కన పెట్టి చూపించాను. రెండూ ఒకటే. "తుపాకి అదేనండీ. కుందా ఒక్కటే మార్చాం. పాతది తడికి వంగిపోయి వంకరైంది..."

"వంగలేదు" అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఆ కట్టె వంకర కాదు నాయనా. నా చూపు వంకర." కుడి కన్ను మీద వేలు పెట్టుకుంది. "చిన్నప్పుడు అమ్మవారు పోసి ఇది పోయింది. చూడాలంటే ఎడమ కంటితోనే చూడాలి. ఎడమ భుజానికి పెట్టుకుందామంటే..." ఎడమ చెయ్యి చాపింది. చూపుడు వేలు, నడిమి వేలు మొదళ్ల వరకే ఉన్నాయి. "చెరుకు గానుగలో పోయినయ్. గొళ్లెం లాగరాదు. అందుకని మా ఆయన సూర్యాపేటకు తీసుకపోయి, కుడి భుజం మీద పెట్టుకున్నా ఎడమ కంటికి గురి వచ్చేటట్టు ఆ కుందా చేయించాడు."

అప్పుడర్థమైంది నాకు. మొదటి రోజు ఆమె నన్ను ఓరగా చూసింది పొగరుతో కాదు. ఉన్న ఒక్క కంటితో.

"మరి నీ మొగుడు దేంతో కాల్చేవాడు?" అని అధికారి అడిగాడు.

"ఆయనకు గురి ఎక్కడిదయ్యా! ఏనుగును నిలబెట్టినా తప్పేది. ఊళ్లో అందరూ ఆయనే కొట్టాడనుకునేవాళ్లు. నేను కూడా ఊరుకునేదాన్ని."

పందిట్లో అందరూ నవ్వారు. అధికారి నవ్వలేదు. నావైపు తిరిగి, "ఇరవై రోజులు టైమిస్తున్నాను. ఇది ఎలా వచ్చిందో అలాగే ఈవిడ చేతికి చేరాలి. ఖర్చు నీది, సెలవు నీది. లేదంటే సర్కారు సొత్తు పాడుచేశావని రాసి పైకి పంపుతాను" అన్నాడు.

వడ్రంగి దగ్గరికి పరుగెత్తాను. "గా వంకర ముక్కనా? కోసి నా బాడిసెకు పిడి ఏసుకున్న. మస్తు కుదిరింది" అని చెక్క చెక్కే ఆ బాడిసె ఎత్తి చూపించాడు. ముప్ఫై ఏళ్లుగా ఇంత మంచి పిడి దొరకలేదన్నాడు. ఆ కుందా చేసినవాడి పనితనాన్ని ఆ జిల్లాలో మొదట గుర్తించింది ఆ వడ్రంగే. నేను కాదు.

బొగ్గుతో నడిచే బస్సెక్కి సూర్యాపేట పోయాను. రైఫిలును చాపలో చుట్టుకుని, అధికారి ఇచ్చిన చీటీ జేబులో పెట్టుకున్నాను. దారిలో ఇద్దరు సిపాయిలు దించి, చీటీ చూసి, తెలుగు రాక, నన్ను ఎండలో నిలబెట్టి, తెలుగు వచ్చినవాడు వచ్చాక వదిలారు. సూర్యాపేటలో తుపాకులు బాగుచేసేవాడి కోసం అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ఒక పాలమనిషి, "తుపాకులు కాదు, గిప్పుడు తాళాలు బాగు చేస్తడు" అని సందు చూపించాడు.

చిన్న గది. కందిళ్లు, స్టవ్వులు, తాళంకప్పలు. తెల్ల గడ్డం ఆయన, ముక్కు మీద కళ్లద్దాలు. చాప చుట్ట పొడుగు చూడగానే ఏముందో గ్రహించి, లేచి తలుపు ఓరగా వేశాడు.

"నేను ఆ పని చేస్తలేను సాబ్. బంద్ జేసిన. ఎవరు చెప్పిండ్రు మీకు? పోండ్రి."

చీటీ తీసి చూపించాను. సర్కారు మొహరు చూసి ఆయన గోడకు జరిగి నిలబడ్డాడు. చీటీ చూపించడమే నా తెలివితక్కువతనమని తర్వాత అర్థమైంది. ఇళ్ల సోదాలు, అరెస్టులు నడుస్తున్న ఆ ఏడాది సూర్యాపేటలో తుపాకులు చేసే ముసల్మాను దగ్గరికి సర్కారు చీటీ పోవడమంటే ఏమిటో నాలాంటివాడికి ఎట్లా తెలుస్తుంది? నాకు తెలిసిందల్లా కేటలాగు.

ఇక చేసేదేమీ లేక, చతికిలబడి నిజం చెప్పాను. నా ఊఁ దగ్గర మొదలుపెట్టి బాడిసె పిడి దాకా. ఆయన చేతిలోని తాళంకప్ప కింద పెట్టాడు.

"ఒక కన్ను లేని ఆమె. కోదాడ అవతల. జంగ్లాతు జవాను భార్య. బతికే ఉన్నదా?"

"ఉంది చాచా."

"తియ్యి, చూపెట్టు."

చాప విప్పాను. టేకు కుందా చూసి ఆయన మొదట కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "ఈ దర్వాజా ఎవరు పెట్టిండ్రు దీనికి?"

"నేనే."

"అల్లా! లండన్ వాని కుందా నేను తీసేసిన. నా కుందా నువ్వు తీసేసినవ్. తుపాకి మాత్రం పాపం ఎవ్వరినేమన్లే." మళ్లీ దగ్గాడు. "కొలతలు రాసుకున్న కాయితాలన్నీ పొయ్యిల పెట్టిన బేటా, మొన్న గడబిడల. ఆమె కావాలె ఎదురుంగ. మనిషి లేకుంటే గది అయ్యే పని గాదు."

మర్నాడు కోదాడ బస్సులో నా పక్కన కూర్చున్నాడు. పనిముట్లు గోనెసంచిలో పెట్టి, పైన తాళంకప్పలు పోశాడు. "ఎవరన్న అడిగితే తాళాలు బాగుజేసేటోడని చెప్పు. అబద్ధం గాదు, గిప్పుడు గదే చేస్తున్న" అన్నాడు.

ఊరు చేరేసరికి ఆమె వాకిట్లో మంచం మీద పాలేరు పడుకుని ఉన్నాడు. నలభై ఏళ్లవాడు. తొడకు పెద్ద కట్టు. జొన్నచేలో పంది పడితే కర్ర పట్టుకుని పోయాడట. పంది తిరగబడి కోర దింపింది. కోదాడ దవాఖానలో కుట్లు వేశారు. ఇంకా కాలు నేల మీద ఆనించలేకపోతున్నాడు.

"తుపాకి ఉంటే నేనే పోయేదాన్ని" అంది ఆమె. అంతే. నా రిజిస్టరులో ఆ మనిషి కాలుకు వరుస లేదు. గడప దగ్గర నిలబడి, చాప చుట్ట ఎక్కడ దించాలో తెలియక చాలాసేపు చేతుల్లోనే పట్టుకున్నాను.

ముసలాయన ఒక్క క్షణం కూడా వృథా చేయలేదు. గొడ్లచావడిలోకి పోయి, అక్కడ పడేసిన పాత నాగలి లాక్కొచ్చాడు. నల్లతుమ్మది. పదేళ్లు దున్ని అరిగి పక్కన పడ్డది. "సీదా కట్టెను వంచితే ఇరుగుతది. ఇది చెట్టు మీదనే వంకరగ పెరిగింది. దీని నార కూడ వంకరగనే పోతది" అని నాకు చూపించాడు. వంకరల్లో మంచి వంకర, చెడ్డ వంకర ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆరు రోజులు ఆ వాకిట్లో పని జరిగింది. మొదటిరోజు నేను రంపం పట్టి వేలు కోసుకున్నాను. రెండో రోజు నుంచి నాకు చెక్కపొట్టు ఊడ్చే పని ఇచ్చారు. ఆ ఏడాది మొత్తంలో నేను సరిగ్గా చేసిన ప్రభుత్వోద్యోగం అదే.

ఆయన కొలత పద్ధతి చిత్రంగా ఉండేది. "కండ్లు మూసుకో అమ్మా. తుపాకి నీకు సుఖంగ ఎట్లుంటే గట్ల ఎత్తు. గిప్పుడు కండ్లు తెరువు. ఏం కనవడుతుంది?"

"గొట్టం పక్క కనపడుతుంది."

"ఎంత పక్క?"

"వేలెడు."

గోరంత చెక్కేవాడు. మళ్లీ కళ్లు మూయమనేవాడు. పరాయి ఆడమనిషి చెంప ముట్టుకోడు కాబట్టి, కట్టెకు దీపపు మసి పూసి ఆనించమనేవాడు. చెంప మీద మసి ఎక్కడ అంటిందో దూరం నుంచి చూసి, అక్కడ చెక్కేవాడు. ఆరు రోజులూ ఆమె ఒక చెంప నల్లగా వేసుకుని వంట చేసింది, నీళ్లు తోడింది, పాలేరుకు గంజి తాగించింది. నాలుగో రోజు పాలేరు మంచం మీద నుంచి, "అమ్మా, మసి జర కిందికి జారింది, చాచాకు చెప్పు" అని కేకేశాడు. ఆ ఇంట్లో తుపాకి విలువ కట్టడం అందరికీ వచ్చు, నాకు తప్ప.

ఏడో రోజు పొద్దెక్కుతుండగా జొన్నచేను దాటి బీడు నేలలోకి పోయాం. పాలేరును బండిలో తెచ్చాం. దూరంగా పుట్ట మీద పగిలిన కుండ బోర్లించారు. కచేరీ నాలుగు తూటాలు ఇచ్చింది. ఆమె మొదటిది నింపి, నాకు అందించింది.

"ఇన్నాళ్ల నుంచి ధరలు కడుతున్నావు కద నాయనా. ఒక్కసారి పేల్చు."

వద్దంటే పరువు పోతుంది. తీసుకుని భుజానికి ఆనించాను. నా కుడి కంటికి పందిట్లో తెర కట్టినట్టు నల్లటి కట్టె తప్ప ఏమీ కనిపించలేదు. ఎడమ కంటితో చూద్దామని కుడి కన్ను మూస్తే, రెండూ మూసుకున్నాయి. అట్లాగే గొళ్లెం లాగాను. నా బొటనవేలే వచ్చి నా ముక్కును గుద్దింది. తేరుకునేసరికి నేల మీద కూర్చుని ఉన్నాను. తూటా ఎటు పోయిందో నాకిప్పటికీ తెలియదు. చుట్టుపక్కల ఏ ఊరి నుంచీ ఫిర్యాదు రాలేదు కాబట్టి ఆకాశంలోకి పోయిందనుకుంటాను.

ఆమె తుపాకి తీసుకుంది. నింపింది. ఎత్తడం, పేల్చడం వేర్వేరుగా కనిపించలేదు. కుండ లేదు. పుట్ట మీద దుమ్ము మాత్రం లేచింది. "గురి తప్పలే!" అని పాలేరు బండిలో లేవబోయి, తొడ నొప్పికి మళ్లీ కూలబడ్డాడు. ముసలాయన కుండ వైపు చూడనే లేదు. ఆమె చెంప వైపే చూస్తున్నాడు. తుపాకి తన్నిన దెబ్బకు ఎర్రబడలేదని తేల్చుకున్నాక, అప్పుడు నేల మీద కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు.

మోకాళ్లకు అంటిన మట్టి దులుపుకుని రిజిస్టరు నకలు తీశాను. "అమ్మా, విలువ కొత్తగా రాయాలి. ఎంతని రాయను?"

"నా కంటికి ఎంత రాస్తావో అంత రాసుకో" అంది ఆమె, రెండో తూటా నింపుకుంటూ.

తిరిగి వచ్చేటప్పుడు సూర్యాపేటలో ముసలాయన దిగవలసిన చోట నేను కూడా దిగాను. రిజిస్టరులో ఇంకో గడి మిగిలింది. మరమ్మతు చేసినవారి పేరు, ఊరు. అధికారి అది తప్పకుండా నింపుకుని రమ్మన్నాడు. ఇంత పనివాడు దొరికితే సర్కారు ఇంకా పని ఇస్తుందని కూడా అన్నాడు. నేను కలం తీసి, గర్వంగా, "పేరు చెప్పు చాచా, మంచిగా రాస్తాను" అన్నాను. ఆయనకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

ఆయన నా చేతిని పట్టుకున్నాడు. ఆరు రోజులు తుమ్మకట్టెను చెక్కిన ఆ చెయ్యి నా కలాన్ని కాగితం మీద నుంచి పక్కకు జరిపింది.

"వద్దు బేటా. తుపాకులు చేసినోని పేరు సర్కారు కాయితంల ఉండొద్దు. ఈ దినాల అసలే వద్దు. రేపు ఎవరో ఒకరు ఆ కాయితం పట్టుకొని మా ఇంటికి వస్తరు. ఆమెకు చేసిన. పేలింది. నాకు గంతే చాలు."

డబ్బు ఇవ్వబోతే బస్సు కిరాయి మాత్రం తీసుకున్నాడు. గోనెసంచి భుజాన వేసుకుని, తాళంకప్పలు గలగలలాడుతుండగా సందులోకి పోయాడు.

గడి ఖాళీగా ఉంచితే అధికారి ఒప్పుకోడు. దొంగపేరు రాస్తే విచారణ. బస్టాండులో గంటసేపు ఆలోచించి, అందులో నా పేరే రాశాను. "ఈ గుమాస్తా స్వయముగా చేసినది."

అధికారి నమ్మాడు. నా వేలికి కట్టు, ముక్కు మీద వాపు కూడా ఉన్నాయి కదా. మెచ్చుకుని, ఆ మాట నా సర్వీసు పుస్తకంలో ఎక్కించాడు. నాజరు ఒక్కడే పుస్తకం చూసి, నా వేళ్లు చూసి, తన పాన్ డబ్బా నా ముందుకు జరిపాడు. అంతకుముందు ఎప్పుడూ జరపలేదు.

అప్పటి నుంచి నేను ఏ ఊరికి బదిలీ అయినా, నాకన్నా ముందే ఆ పుస్తకం చేరేది. ముప్ఫై ఏళ్లు విరిగిన కుర్చీలు, ఊడిన గొడుగు పిడులు, కుంటి మంచాలు నా బల్ల దగ్గరికి తెచ్చారు. ఒక అధికారి ఏకంగా తన అత్తగారి చేతికర్ర పంపించాడు. అన్నీ తీసుకుని, గుట్టుగా ఊళ్లో వడ్రంగికి ఇచ్చి, నా జేబులోంచి కూలి కట్టి, నేనే చేశానని తిరిగి ఇచ్చేవాణ్ని. నేను మేకు కొడితే గోడే పగులుతుందని మా ఇంట్లోవాళ్లకు తెలుసు. పరువు కోసం ఎవరూ బయటపెట్టలేదు.

ఇప్పుడిది రాస్తుంటే మా వాళ్లు, "ఇక భయమేముంది, ఆయన పేరు రాయొచ్చు కదా" అన్నారు. నిజమే. పేరు నాకు జ్ఞాపకముంది, ఆ సందు కూడా జ్ఞాపకముంది. కలం కాగితం మీద ఆనించి చాలాసేపు కూర్చున్నాను. ఆయన వద్దన్నప్పుడు సరేనన్నాను. కాలం మారింది కాబట్టి రాయవచ్చు బేటా అని ఆయనే ఎవరితోనైనా చెప్పి పంపేదాకా, అది చేసింది నేనే.